సర్వర్ రాలేదని జనానికి చెప్పకండి

హైదరాబాద్‌లో జనం రోజూ వాడే సర్వర్లను చూసుకునే ఐటీ అధికారులకు, ఆ టెండర్లు రాసేవారికి, ఆ పనులు చేసే నా తోటి కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పదహారేళ్లుగా ఈ ఊళ్లో సర్వర్ల పని చేస్తున్నాను. అమీర్‌పేటలో కోర్సు చేసి, కొన్నాళ్లు కేబుళ్లు లాగి, ఇప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర సిస్టమ్ అడ్మిన్‌గా ఉన్నాను. ఒక ఆసుపత్రిలో సర్వర్ బతికుండగానే కౌంటర్లు ఆగిపోయిన ఈ సంగతి మీకు కొత్త కాదు. ఆరు నెలల్లో మూడు మెయిళ్లు పంపాను. ఒకసారి కాగితం మీద రాసి, ఇన్‌వార్డులో ఇచ్చి, రసీదు కూడా తీసుకున్నాను. ఒక మెయిల్‌కు ‘నోటెడ్’ అని జవాబొచ్చింది. మిగతావాటికి అదీ లేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. తప్పు ఆ ఒక్క ఆసుపత్రిదే అయితే ఇంత ఉత్తరం ఎందుకు, ఫోను చేస్తే సరిపోయేది.

ముందు ఆ రోజు జరిగింది చెప్తాను.

అక్కడ ఓపీ కౌంటర్లు ఉదయం 8కి తెరిచి 12కి మూస్తారు. ఆ రోజు 7:50కి రెండు సర్వర్లలో మొదటిదాని మదర్‌బోర్డు పోయింది. ఇలాంటి రోజు కోసమే రెండో సర్వర్ కొన్నారు. అది తన పని తాను చేసింది కూడా. నాలుగు సెకన్లలో ఐపీ అడ్రస్‌ను, అంటే కౌంటర్ కంప్యూటర్లు సర్వర్‌ను వెతికే నంబరును, తన మీదకు తీసుకుంది, నిమిషం లోపు డేటాబేస్ తెరిచింది. ఫోనొచ్చి నేను వెళ్లేసరికి 8:25. సర్వర్ రూములో స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. పక్కనున్న ఇంకో మిషన్ నుంచి పింగ్ కొడితే, అంటే ‘ఉన్నావా’ అని అడిగితే, పలుకుతోంది. కిందికి దిగి కౌంటర్ కంప్యూటర్ నుంచి కొడితే ఉలుకూ పలుకూ లేదు.

కౌంటర్ అద్దానికి ‘సర్వర్ డౌన్’ అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించి ఉంది. కాగితం అంచులకు పాత టేపు మరకలున్నాయి. ప్రతిసారీ కొత్తది రాయడమెందుకని తీసి సొరుగులో దాచుకుంటారట. ఆ కాగితం ముందు నూటయాభై మందికి తక్కువ లేరు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి తెల్లారగట్ల బస్సెక్కి, ఎంజీబీఎస్‌లో దిగి వచ్చిన ఒక పెద్దమ్మ నా మెడలో ఐడీ కార్డు చూసి ఆపింది. షుగర్ పరీక్షకు పరగడుపున రమ్మన్నారని ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

“సర్వర్ ఇంక రాలేదా బిడ్డా? ఎన్ని గంటలకొస్తడు?”

సర్వర్ అంటే డ్యూటీకి రావలసిన ఎవరో సారు అనుకుంది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ సారు 35 నిమిషాల ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంగతి గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

టెండర్లు రాసేవారిలో చాలామంది నెట్‌వర్క్ వాళ్లు కారు కాబట్టి దీన్ని కాస్త విప్పి చెప్పాలి. డ్యూటీ డాక్టరు ఫోను సంగతి మీకు తెలుసు. ఆ ఫోను ఒక మనిషిది కాదు, డ్యూటీది. ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ల జేబులో ఉంటుంది. బయటివాళ్లకు ఒకటే నంబరు. క్లస్టర్‌లో, అంటే ఒకే పనికి జట్టుగా పెట్టిన సర్వర్లలో, వర్చువల్ ఐపీ అంటే ఇదే, కొందరు ఫ్లోటింగ్ ఐపీ అంటారు. ఒక్కో సర్వర్‌కు సొంత అడ్రస్ ఒకటి ఉంటుంది, ఉదాహరణకు 10.20.30.11, 10.20.30.12. జనం వచ్చే అడ్రస్ మూడోది, 10.20.30.10 అనుకోండి. బతికున్న సర్వర్ దాన్ని మోస్తుంది. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన విద్య కాదు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే, ఇలా అడ్రస్‌ను ఒకరి నుంచి ఒకరు అందుకునే వీఆర్ఆర్‌పీ పద్ధతి మొదటి ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 2338 అనే పత్రంగా వచ్చింది. పెద్దది, అంటే అడ్రస్ మోస్తున్న సర్వర్, సెకనుకోసారి ‘నేనున్నాను’ అంటుంది. మూడు సెకన్లు దాటి ఇంకాస్త సేపు ఆ మాట వినపడకపోతే చిన్నది, అంటే కాచుకుని ఉన్న సర్వర్, అడ్రస్ అందుకుంటుంది.

ఇక వాచ్‌మన్. సర్వర్లకు ముందుండి రాకపోకలకు దారి చూపే రౌటరో, వాటిని వడకట్టే ఫైర్‌వాలో తన దగ్గర ఒక పట్టిక రాసుకుంటుంది: ఫలానా ఐపీ ఫలానా నెట్‌వర్క్ కార్డు దగ్గర ఉంది, అని. అదే ఏఆర్‌పీ పట్టిక. రెండో సర్వర్ అడ్రస్ అందుకోగానే ‘ఇకనుంచి నేనే’ అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా ఒక కేక వేస్తుంది. గ్రాట్యుయిటస్ ఏఆర్‌పీ అంటాం దాన్ని. అడగకుండా చెప్పే మాట అన్నమాట. ఈ ఆసుపత్రి ఫైర్‌వాల్‌లో అడగని మాట నమ్మొద్దని సెట్టింగ్ పెట్టారు. దొంగ కేకలు వేసి ట్రాఫిక్ మళ్లించే మోసాలు ఉన్నాయి కాబట్టి ఆ జాగ్రత్త తప్పేం కాదు. కానీ క్లస్టర్ ఉన్నచోట మినహాయింపు రాసుకోవాలి. రాయలేదు. దాంతో ఫైర్‌వాల్ చచ్చిపోయిన సర్వర్ దగ్గరికే జనాన్ని పంపుతూ కూర్చుంది.

ఎంతసేపు? పట్టికలో పాత వరస చెల్లిపోయేదాకా. ఆ గడువు అక్కడ 4 గంటలు. సిస్కో రౌటర్లలో ఏమీ మార్చకపోతే ఉండే గడువు కూడా 4 గంటలే.

ఆ వరస చెరిపేయడానికి ఒక్క లైను కమాండు చాలు, పది సెకన్ల పని. ఆ పది సెకన్ల పని చేయగలిగిన మనిషి ఆ ఉదయం ఆ భవనంలో లేడు. సర్వర్లు మా కాంట్రాక్టరువి. కేబుళ్లు కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లు ఇంకొకరివి. ఫైర్‌వాల్ మూడో ఆయనది, పాస్‌వర్డు ఆయన దగ్గరే. ఆయన మనిషికి ఫోను చేస్తే టికెట్ పెట్టమన్నాడు. టికెట్ పెట్టే పోర్టల్‌కు లాగిన్ మాకు లేదు. ఆసుపత్రి ఐటీ సారు మెయిల్ చేశారు. 11:20కి సేవలు వాటంతటవే లేచాయి, ఎందుకంటే పట్టికలో 7:20కి రాసుకున్న ఆ వరసకు 4 గంటల గడువు తీరింది. మధ్యాహ్నం పైకి వెళ్లిన రిపోర్టులో ‘సర్వర్ డౌన్ అయింది, ఇంజినీర్లు సరిచేశారు’ అని ఉంది. ఆ ఇంజినీర్లలో నేనొకణ్ని. రెండో సర్వర్ డౌన్ కాలేదు, మేం సరిచేసిందీ లేదు.

పెద్దమ్మ పదిన్నరకు తట్టుకోలేక ఒక బన్ను, టీ తీసుకుంది. షుగర్ ఉన్న మనిషి ఇంకెంతసేపు ఉండగలదు? పరగడుపు పరీక్ష ఆ రోజుకు అయిపోయింది. మళ్లీ బస్సు, మళ్లీ ఒక రోజు. తోడొచ్చిన కొడుకుకు మళ్లీ ఒక రోజు కూలి పోయింది.

ఇది ఒక్కసారి జరిగిందైతే గ్రహచారం అనుకుందును. వేర్వేరు చోట్ల నేను కళ్లారా చూసినవి ఇంకొన్ని ఉన్నాయి.

1. ఒకే టోకెన్ ఇద్దరికి. ఇంకోచోట రెండు సర్వర్ల మధ్య హార్ట్‌బీట్‌కు, అంటే అవి ఒకదానికొకటి ‘నేనున్నాను’ అని చెప్పుకోవడానికి, ఒకే ఒక్క కేబుల్ వేశారు. ఎలుక కొరికిందో, ఎవరి కాలు తగిలిందో, అది ఊడింది. రెండూ బాగానే ఉన్నాయి, కానీ అవతలిది పోయిందని దేనికది అనుకుంది. రెండూ అదే అడ్రస్ ఎత్తుకున్నాయి. మా భాషలో స్ప్లిట్ బ్రెయిన్. కింది అంతస్తు కౌంటర్లు ఒకదాంట్లో రాస్తున్నాయి, పై అంతస్తువి ఇంకోదాంట్లో. ఇరవై నిమిషాల్లో ఒకే నంబర్లతో రెండు వరసల టోకెన్లు వెళ్లాయి. 214 నంబరు చీటీ పట్టుకుని ఇద్దరు డాక్టరు గది ముందు గొడవపడ్డారు. అది చిన్న విషయం. సాయంత్రం రెండు డేటాబేసులను కలిపేటప్పుడు ఒక పెద్దాయన గుండె పరీక్షల చీటీ తొమ్మిదేళ్ల పిల్లాడి పేరు కింద చేరింది. ల్యాబ్‌లో ఒక అమ్మాయి వయసు చూసి అనుమానించి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయికి ఎవరూ థాంక్స్ కూడా చెప్పలేదు, ఇక్కడ నేను చెప్తున్నాను.

2. బిల్లు కట్టబోతే హాజరు మిషన్. కొత్త మిషన్లకు అడ్రస్‌లు వాటంతటవే అందేలా చూసే డీహెచ్‌సీపీ పంచిపెట్టే అడ్రస్‌ల మధ్యలోంచి వర్చువల్ ఐపీని తీసుకున్నారు, దాన్ని అందులోంచి మినహాయించడం మరిచిపోయారు. రాత్రి మెయింటెనెన్స్‌కు క్లస్టర్ ఆపిన పది నిమిషాల్లో, కొత్తగా తగిలించిన వేలిముద్ర హాజరు మిషన్ ఒకటి అడ్రస్ అడిగింది. ఖాళీగా ఉందని డీహెచ్‌సీపీ అదే ఇచ్చేసింది. తెల్లారి కొన్ని కౌంటర్లలో బిల్లింగ్ స్క్రీన్ బదులు హాజరు మిషన్ లాగిన్ పేజీ వచ్చింది. మేం కాసేపు నవ్వుకున్నాం. డిశ్చార్జి అయి, ఆటో మాట్లాడుకుని, బిల్లు కోసం గేటు దగ్గర చంటిబిడ్డతో రెండు గంటలు నిలబడ్డ బాలింత నవ్వలేదు.

3. ఐకాన్‌లో పాత అడ్రస్. కౌంటర్ డెస్క్‌టాప్‌ల మీద పెట్టిన షార్ట్‌కట్‌లో వర్చువల్ ఐపీ కాకుండా మొదటి సర్వర్ సొంత ఐపీ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజు టెస్టింగ్ కోసం పెట్టి, తీసేయడం మర్చిపోతారు. అంతా బాగున్నన్నాళ్లూ తేడా తెలియదు. మొదటి సర్వర్ పడిపోయిన రోజు ఆరు కౌంటర్లలో నాలుగు పనిచేస్తాయి, రెండు చేయవు. పనిచేయని వరసలో నిలబడ్డవాళ్లు పక్క వరసలోకి మారితే ‘మధ్యలో దూరుతున్నారు’ అని తోపులాట.

4. కాపీ కొట్టిన కాన్ఫిగరేషన్. ఇది నా తోటివాళ్లకు. వర్చువల్ ఐపీని నడిపే కీప్‌ఎలైవ్‌డీ సాఫ్ట్‌వేర్ శాంపిల్ ఫైల్‌లో వర్చువల్ రౌటర్ ఐడీ, అంటే క్లస్టర్‌ను గుర్తుపట్టే నంబరు, 51 అని, పాస్‌వర్డు 1111 అని ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా అదే 51, అదే 1111. ఒకే వీలాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఒకే విభాగంలో, రెండు క్లస్టర్లకు అదే ఐడీ పెడితే ఒకదాని కేక ఇంకోటి విని తికమకపడుతుంది. 1 నుంచి 255 దాకా నంబర్లున్నాయి, ఒకటి మార్చడానికి మనకు ఏం పోయింది?

5. కాగితం మీద 99.9. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే. ఆ ఆసుపత్రి ఒప్పందంలో ఏడాదికి 99.9 శాతం సేవ అందాలని ఉంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.1 శాతం అంటే దాదాపు 8 గంటల 45 నిమిషాలు పడిపోవచ్చు. ఆ రోజు పోయింది మూడున్నర గంటలు. అంటే ఒప్పందం ప్రకారం అంతా సవ్యమే, జరిమానా లేదు, బిల్లు పూర్తిగా పాసయింది. కానీ ఓపీ ఉండేదే రోజుకు 4 గంటలు. అందులో 3 గంటల 20 నిమిషాలు పోతే పెద్దమ్మ లెక్కలో ఆ రోజు సేవ ఎంత శాతం? అర్ధరాత్రి 2 గంటలకు ఖాళీ హాలులో సర్వర్ పలికినందుకు కూడా మార్కులేసుకుని, పగటిపూట పోయిన గంటలను అందులో కలిపేసుకుంటున్నాం.

ఇంకో మాట ఈమధ్య మీటింగుల్లో వింటున్నాను. క్లౌడ్‌కు, అంటే పెద్ద కంపెనీల అద్దె సర్వర్లకు, వెళ్లిపోతే ఈ గొడవే ఉండదని. అమెజాన్ 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనే మూడు జోన్లతో, అంటే విడివిడిగా ఉండే డేటా సెంటర్లతో, క్లౌడ్ రీజియన్ తెరిచింది, నిజమే. వెళ్లొద్దని నేననను. కానీ అక్కడ ఈ ఏఆర్‌పీ కేక పనిచేయదు. అడ్రస్ మారిందని క్లౌడ్‌కు ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాం పంపే ఆదేశంతో, విడిగా చెప్పాలి. పైగా ఒక్కో సబ్‌నెట్ (అడ్రస్‌ల గుంపు) ఒకే జోన్‌లో ఉంటుంది కాబట్టి ఒక జోన్‌లోని ప్రైవేట్ అడ్రస్‌ను మోసుకుని పక్క జోన్‌లోకి పోలేం. ముందు జనాన్ని బతికున్న సర్వర్‌కు పంపే లోడ్ బ్యాలెన్సర్ పెట్టుకోవాలి, లేదా రూటు మార్చే ఏర్పాటు ఉండాలి. ఇక్కడ అడ్రస్‌ల గురించి ఆలోచించని టెండరు అక్కడికి వెళ్లినా ఆలోచించదు.

ఆ రోజు తర్వాత ఒకే ఒక్క చర్య తీసుకున్నారు. రాత్రి డ్యూటీ కుర్రాడికి మెమో ఇచ్చారు. నెలకు 18 వేల జీతం. మొదటి సర్వర్ పోయిందని 7:52కే అందరికీ ఫోన్లు చేసింది అతనే. ఫైర్‌వాల్ పాస్‌వర్డు అతని చేతిలో ఎప్పుడూ లేదు.

అందువల్ల మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి. వీటిలో కొత్త పరికరం కొనాల్సినవి ఒకటో రెండో, మిగతావి పని శుభ్రంగా చేస్తే చాలు.

1. ప్రతి క్లస్టర్‌కూ అడ్రస్‌ల రిజిస్టర్ ఉండాలి. సర్వర్ల సొంత ఐపీలు, వర్చువల్ ఐపీ, హార్ట్‌బీట్ ఐపీలు, వర్చువల్ రౌటర్ ఐడీ, ఎవరు ఎప్పుడు మార్చారు అన్నీ అందులో రాయాలి. ఇవన్నీ చేత్తో ఇచ్చిన స్థిరమైన అడ్రస్‌లై ఉండాలి, డీహెచ్‌సీపీ పంపకం వీటి జోలికి రాకూడదు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రాడి లాప్‌టాప్‌లోని ఎక్సెల్ షీటును రిజిస్టర్ అనరు.

2. హార్ట్‌బీట్‌కు రెండు దారులు కావాలి. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కు గుచ్చితే ఒక దారి కిందే లెక్క.

3. ఇద్దరే ఉన్నచోట గొడవొస్తే చెరో ఓటు. తీర్పు చెప్పడానికి మూడో ఓటు కావాలి. దానికి పెద్ద సర్వర్ అక్కర్లేదు, వేరే గదిలో ఒక చిన్న మిషన్ చాలు. అడ్రస్ అందుకునే ముందు అవతలి సర్వర్ కరెంటు తీసేసే ఏర్పాటు, అంటే ఫెన్సింగ్, తప్పనిసరి చేయండి. ‘అనవసరంగా సర్వర్ ఆఫ్ అవుతోంది’ అని దాన్ని ఆపేసిన చోట్లు నాకు తెలుసు.

4. మూడు నెలలకోసారి కేబుల్ పీకి చూడండి. సర్వర్ రూములో స్క్రీన్ చూసి సంతకం పెట్టే పరీక్ష నాకొద్దు. ఒకరు పైన కేబుల్ పీకాలి, ఒకరు కింద కౌంటర్ కంప్యూటర్ ముందు కూర్చుని టోకెన్ వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. ఆ కూర్చునేది కౌంటర్‌లో రోజూ పనిచేసే మనిషే అయితే ఇంకా మంచిది. ఆ పరీక్షకు సర్వర్, స్విచ్, ఫైర్‌వాల్ కాంట్రాక్టర్లు ముగ్గురూ ఒకే గదిలో ఉండాలి. మొదటి బిల్లు ఈ పరీక్ష పాసయ్యాకే ఇవ్వండి. మా కాంట్రాక్టరుకు ఈ మాట నచ్చదు, నాకు తెలుసు.

5. డ్యూటీలో ఉన్నవాళ్లకు అధికారం ఇవ్వండి. ఫైర్‌వాల్ మొత్తం అప్పగించమనడం లేదు. ఏఆర్‌పీ పట్టికలో ఒక వరస చెరిపేంత పరిమితమైన లాగిన్ ఒకటి, ఎవరు వాడారో రికార్డయ్యేలా, ఆ భవనంలో ఉండే మనిషి చేతిలో ఉండాలి. ఆ కుర్రాడి మెమో వెనక్కి తీసుకోండి.

6. సేవ శాతాన్ని కౌంటర్ గంటల్లో లెక్కగట్టండి.

7. కౌంటర్లు ఆగిపోతే పావుగంటలో చేత్తో రాసే టోకెన్ పుస్తకం తీయాలి, ఎంతసేపు ఆగిపోతే ఓపీ అంతసేపు పొడిగించాలి. పరగడుపున వచ్చినవాళ్ల రక్తం ముందు తీసుకుని, పేర్లు తర్వాత ఎక్కించాలి. కంప్యూటర్లు రాకముందు ఆసుపత్రులు ఇలాగే నడిచాయి.

8. పడిపోయిన ప్రతిసారీ వారం లోపు అసలు కారణం తెలుగులో ఒక పేజీ రాసి అదే కౌంటర్ దగ్గర అంటించండి. ఆ పాత ‘సర్వర్ డౌన్’ కాగితం పారేయండి.

ఈ నెలాఖరు దాకా చూస్తాను. జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద ఒక్కో కార్యాలయానికీ విడివిడిగా వేస్తాను: ఆఖరిసారి ఫెయిలోవర్ పరీక్ష, అంటే ఒక సర్వర్ పోతే ఇంకోటి అందుకుంటుందా అనే పరీక్ష, ఎప్పుడు చేశారు, కౌంటర్ దగ్గర ఎన్ని సెకన్లు పట్టింది, ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు.

పిలిస్తే అంత దూరం వెళ్లాల్సిన అవసరమే ఉండదు. ఏ శనివారమైనా ఓపీ మూసిన తర్వాత, 12:30కి వస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు. కేబుల్ నేను పీకుతాను, మీరు కింద కౌంటర్‌లో వాచీ పట్టుకుని కూర్చోండి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్
మలక్‌పేట, హైదరాబాద్